తిట్టినాను గానీ మాట్లాడలేదు

మే 5, సోమవారం

నా పేరు వాయల పోలేరమ్మ. వయసు డెబ్బై మూడో డెబ్బై నాలుగో. ఆధార్ కార్డులో అరవై ఎనిమిది అని ఉంది, అది రాసిన పిల్ల నా మొహం చూసి దయ తలిచినట్టుంది. ఎనభై నాలుగు తుఫాను నాటికి నాకు ముగ్గురు బిడ్డలు, లెక్క కావాల్సినోళ్ళు అక్కడినుంచి కట్టుకోండి. ముత్తుకూరు దాటినాక సముద్రం ఒడ్డున మా పాళెం. ఇంట్లో నా కొడుకు ముత్యాలయ్య, కోడలు విజయకుమారి, కాన్పుకొచ్చిన మనవరాలు వాణి, నేను. వాకిట్లో ఒక కుక్క. ముందు గది పోస్టాఫీసు. అందులో కూర్చునే జయశీల ఇది రాస్తా ఉంది. కొడవలూరు పిల్ల, వరిచేలవాళ్ళు. నాకు చదువు రాదు.

పదకొండు రోజులుగా ఊళ్ళో ఎవరూ నాతో మాట్లాడటం లేదు. దురాయి వేసినారు. దురాయంటే ఏంది అవ్వా అని జయశీల అడిగింది, వాళ్ళ పక్క లేదంట. ఊరిని ఏలే పెద్దకాపూ కులపెద్దలూ కూర్చుని, ఫలానా మనిషితో ఇక మాట లేదు, నిప్పు లేదు, నీళ్ళు లేవు అని చాటిస్తారు. ఊరోళ్ళలో ఎవరు మాట్లాడినా వాళ్ళకీ అదే శిక్ష, జయశీల బయటి పిల్ల కాబట్టి దానికి లేదు. ముందు తప్పెట కొట్టి చాటించేవాళ్ళు. ఇప్పుడు మైకులో చెప్పి, మళ్ళా వాట్సాప్‌లో పెడతారు. కులపెద్దలకి అనుమానం, మైకు ఎవరికైనా వినపడలేదేమోనని.

ఈ నెల ఇరవై అయిదు ఆదివారం పంచాయతీ. నా మాట కాయితం మీద రాయించి తెమ్మన్నారు, నాతో నోటిమాట కుదరదుగా. రోజుకింత చెప్పు అవ్వా, నోటుబుక్కులో రాసుకుంటా, చివర్లో మంచి కాయితం మీద ఎత్తి రాస్తానంది జయశీల. ఈ నోటుబుక్కు నాకూ దానికీ తప్ప ఇంకెవరికీ కాదు.

మే 6, మంగళవారం

ఎండ. వేట నిషేధం కాబట్టి పడవలన్నీ గట్టున బోర్లా పడి ఉన్నాయి. మగాళ్ళు పేకాట. చెప్పేదేం లేదు.

మే 8, గురువారం

కేసు ఇది.

మా ఇంటికి తూర్పున దడి కట్టిన ముళ్ళకంప. కంప అవతల ఆదిశేషమ్మ, ఒక్కతే ఉంటాది. పెద్దకాపు గణేష్ తమ్ముడు వలలు బాగుచేసుకునే కొట్టం ఆమె పెరట్లోకి జరిపి వేసినాడు. ఆ యమ్మ కులపెద్దలకి చెప్పకుండా నేరుగా ముత్తుకూరు స్టేషన్‌కి పోయి కాయితం ఇచ్చింది. ఊరి మాట ఊళ్ళో తేలాలి, అది మా కట్టు. అందుకని ఏప్రిల్ మొదట్లో ఆదిశేషమ్మ మీద దురాయి వేసినారు. వేసిన మూడోనాడు పొద్దున నేను కంప కాడ నిలబడి దాన్ని తిట్టినాను. గణేష్ తమ్ముడి పెళ్ళాం విన్నది. ఇరవై రోజులు కూర్చుని గొడవపడి, చివరికి నాకూ వేసినారు.

ఏమయ్యా, నేను దాన్ని ముప్పై ఒక్క ఏళ్ళుగా తిడతా ఉన్నాను. గట్టు మీద ఎండుచేపలు పోసుకునే చోటు, నాది, ఆరు అడుగులు, అది తన చేపలు పోసుకుంది. ఆ రోజునుంచి దానితో నాకు మాటల్లేవు. తిట్లే. ఊరంతటికీ తెలుసు. మాట్లాడిన మనిషికి కదా దురాయి. తిట్టిన మనిషికి ఎట్ట వేస్తారు. తిట్టడం మాట్లాడటం కాదు. ఇదే నా వాదన, పెద్ద అక్షరాలతో రాయి అన్నాను.

జయశీల, ఇట్టా మనిషిని వెలెయ్యడం చట్టప్రకారం తప్పు అవ్వా, కలెక్టరుకి అర్జీ పెడదామా అంది. వద్దన్నాను. ఆదిశేషమ్మ చేసిందే నేనూ చేస్తే దానికీ నాకూ తేడా ఏముంది.

మే 9, శుక్రవారం

జయశీల తెచ్చుకునే పేపర్లో ఒక మూల వింతలు వేస్తారు. అది చదవందే నేను నోరు తెరవనని చెప్పినాను, ఊరికే నా కష్టం చెప్పుకోవాలంటే విసుగు.

ఈ పూట ఆక్టోపస్ సంగతి. దానికి మూడు గుండెలంట. మా వలలో అప్పుడప్పుడు పడేదే, మా ఆయన విసిరి పారేసేవాడు. మూడు గుండెలని తెలిస్తే కాస్త మర్యాదగా పారేసి ఉండేవాడు. నాకు ఒక్కటుంటేనే నెల్లూరు పొయ్యి చూపించుకోను బస్సు దొరకదు. మూడుంటే ఏది నొస్తా ఉందో ఎవరికి చెప్పుకుంటాది.

ఇంట్లో సంగతి. కోడలు నాతో మాట్లాడకూడదు గదా. అన్నం పెట్టి కుక్కతో చెప్తుంది. "కుక్కా, చారు వేడిగా ఉండాది, చూసుకుని తాగు." "కుక్కా, బీపీ మాత్ర కిటికీలో పెట్టినా." ఈ రెండు వారాల్లో ఆ కుక్కకి దక్కిన మర్యాద నాకు ముప్పై ఏళ్ళలో దక్కలేదు. నా కొడుకు ముత్యాలయ్య దానితో కూడా మాట్లాడడు. వచ్చి తింటాడు, పోతాడు. భయస్తుడు, వాళ్ళ నాయన పోలిక.

మే 12, సోమవారం

ఏదో దేశంలో ఒంటరిగా ఉండేవాళ్ళని చూసుకోను ఒక మంత్రిని పెట్టినారంట. రెండు దేశాల్లో పెట్టినారంట, ఇంగ్లండూ జపానూ. రోడ్ల మంత్రి, కరెంటు మంత్రి ఉన్నట్టు ఒంటరి మంత్రి.

"ఆ మంత్రికి దురాయి వేస్తే?" అన్నాను.

జయశీల నవ్వి, వాళ్ళకి దురాయి లేదులే అవ్వా అంది.

"మరి దురాయి లేకుండానే ఒంటరిగా ఉండారా? ఎవరూ వద్దనకపోయినా మాట్లాడుకోరా?"

ఆ పిల్ల ఉత్తరాల మీద స్టాంపు వేసుకుంటా కూర్చుంది.

మే 13, మంగళవారం

ఈరోజు ఒక అనవసరమైన సంగతి రాయించాల్సి వచ్చింది. జయశీల నన్ను నిలేసింది. "అవ్వా, పంచాయతీలో నీ మీద ఇంకోటి కూడా చెప్తారంట. గంజి ఇచ్చినావని."

నేను ఇవ్వలేదు. మా ఇంట్లో గంజి ఎక్కువైంది. పారబోసుకునే చోటు కంప పక్కన. కంప అవతల ఎవరో గిన్నె పెట్టి ఉంటే నేనేం చేసేది. ఆ గిన్నెకి తగలకుండా పారబొయ్యాలంటే నా చేతులు వణుకుతా ఉంటాయి. ఇట్టనే రాయి.

"రోజూనా అవ్వా?"

రోజూ ఎక్కువవుతుంది గంజి. ఎసట్లో నీళ్ళు ఎక్కువ పోస్తా ఉంది మా కోడలు.

"ఎప్పటినుంచి?"

ఏప్రిల్ నుంచి అనుకుంటా. ఇది రాయద్దు.

మే 15, గురువారం

వాణికి ఆడబిడ్డ. తెల్లవారుజామున ఆసుపత్రిలో. నాకు ఎవరూ చెప్పలేదు. కోడలు ఫోన్ పెట్టేసి వాకిట్లోకొచ్చి కుక్క ముందు కూర్చుంది. "కుక్కా, ఆడపిల్ల. రెండు కిలోల ఎనిమిది వందలు. ఇద్దరూ బాగుండారు." చెప్పి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కుక్క దాని చెయ్యి నాకింది. నేను పక్కన నిలబడి ఉన్నాను.

మగ సముద్రపు గుర్రం బిడ్డల్ని కంటుందని పేపర్లో వచ్చింది. పొట్ట మీద సంచి ఉంటుందంట. ఆ పద్ధతి మా పాళెంలో ఉంటే వేట నిషేధం రెండు నెలలకీ మగాళ్ళకి మంచి పని దొరికేది.

మే 17, శనివారం

మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ పదకొండో రోజు పురుటి స్నానం నేనే పోసినాను. కాళ్ళు చాపి, బిడ్డని కాళ్ళ మీద బోర్లా వేసుకుని. ముత్యాలయ్య బిడ్డలు ముగ్గురికీ నేనే. ఊళ్ళో ఇంకా పాతిక మందికి. పెద్దకాపు గణేష్‌కి కూడా నేనే పోసినాను, వాళ్ళమ్మకి జ్వరమొచ్చి. అప్పుడు నోట్లో నీళ్ళు కాసిన్ని ఎక్కువ పోసి ఉంటే ఇప్పుడు ఈ దురాయి ఉండేది కాదు. ఇది రాసినావా? సరే ఉండనీ.

ఈ బిడ్డకి పదకొండో రోజు ఇరవై అయిదో తేదీ. పంచాయతీ రోజే. పొద్దున పంచాయతీ, మధ్యాహ్నం స్నానం. గెలిస్తే నా కాళ్ళ మీద, ఓడితే విజయకుమారి కాళ్ళ మీద. దానికి నడుం వంగదు.

పసిబిడ్డకి దురాయి వర్తిస్తుందా అని జయశీల చేత అడిగించినాను. బిడ్డకి వర్తించదంట, బిడ్డని చేతికిచ్చే తల్లికి వర్తిస్తుందంట. ఏమాటకామాట, న్యాయం బాగా ఆలోచిస్తారు.

మే 19, సోమవారం

నా వాదనకి రుజువు కావాలి. తిట్టినాననే రుజువు. అందుకని దురాయి వేసినాక నేను ఆదిశేషమ్మని తిట్టిన తిట్లన్నీ గుర్తుకు తెచ్చుకుని చెప్పినాను, జయశీల రాసుకుంది. అన్నీ ఇక్కడ ఉన్నాయి.

ఏందిమే, ఇంకా లేవలేదా, నీ పొయ్యి ఆరిపోను.

నీ కాళ్ళు చూడు ఏనుగు కాళ్ళ మాదిరి, వాపు తగ్గిందా లేదా చెప్పి చావు.

ఉప్పు తినద్దని డాక్టరు చెప్తే ఎండుచేప కాలుస్తా ఉండావా, దొంగమొహమా, వాసన నా ముక్కుకి తెలీదనుకున్నావా.

రాత్రంతా దగ్గినావు. నీ దగ్గుకి నాకు నిద్రలేదు. మందు తాగి నా ప్రాణం తియ్యకుండా ఉండు.

గిన్నె కడిగి పెట్టవే సోమరిదానా.

ఒసే ఆదిశేషా, పలకవేందే. పలుకు. పలకకపోతే కంప దూకి వచ్చి నీ జుట్టు పట్టుకుంటా.

ఇంకా చాలా ఉన్నాయి. నేను అలిసిపోయినాను. చదివి వినిపించు అన్నాను. జయశీల చదివింది. మెత్తటి గొంతు ఆ పిల్లది, వార్తలు చదివినట్టు చదివింది. నా నోట్లో ఉన్నప్పుడు కారంగా ఉన్నాయి. అక్కడ పేపరు మీద నుంచి వస్తా ఉంటే వేరేగా ఉన్నాయి.

"అవ్వా, ఇవి ఇస్తే నీ కేసు పోతుంది" అంది.

"ఆ దగ్గు మాట కొట్టెయ్."

"దగ్గొకటి కొట్టేస్తే సరిపోదు."

పోస్టు డబ్బా తీసే టైమైంది. జయశీల లేచింది. నేను అక్కడే కూర్చున్నాను.

మే 20, మంగళవారం

గణేష్ వచ్చినాడు. పోస్టాఫీసు పని మీద వచ్చినట్టు వచ్చి, కార్డు కావాలన్నాడు. ఈ కాలంలో కార్డు ఎవరు కొంటారు. నేను స్టూలు మీదే ఉన్నాను. నా వైపు చూడలేదు.

"పోస్టమ్మా, మా ఊళ్ళో ఒక అవ్వ ఉండాది. నోరు పెద్దది."

"చెప్పండన్నా."

"ఆదివారం ఆ యమ్మ గంగమ్మ ముందర కర్పూరం ఆర్పి ప్రమాణం చేసి, ఆదిశేషమ్మకీ నాకూ ఏ పొత్తూ లేదు, తిట్టడానికే తప్ప నోరు తెరవలేదు, ఇక తిట్టను కూడా అని చెప్పిందంటే చాలు. ఆ గడియలోనే దురాయి తీసేస్తాం. గంజి సంగతి ఎవరూ ఎత్తరు, ఆ పూచీ నాది. మేమేం రాక్షసులమా. ఆ యమ్మ చేతుల్లో పెరిగినోళ్ళమే."

నేను వాకిలి వైపు తిరిగినాను. "కుక్కా, ఇక తిట్టను కూడా అనే మాట దేనికంట? తిట్టు తప్పు కాదని ఒప్పుకున్నాక అది ఎందుకు?"

గణేష్ కార్డు తిరగేసి చూస్తా చెప్పినాడు, జయశీలకే. "ఆదిశేషమ్మకి దురాయి వేసి నెలన్నర దాటింది. ఎంత మొండి మనిషైనా ఇరవై రోజులకి వచ్చి కాళ్ళ మీద పడాలి. మా నాయన కాలంలో పన్నెండో రోజుకే వచ్చేవాళ్ళు. ఆదిశేషమ్మ రాలేదు. ఎందుకొస్తాది పోస్టమ్మా, పొద్దున్నే ఒక మనిషి తిట్టి నిద్రలేపతా ఉంటే, సాయంత్రం తిట్టి పడుకోబెడతా ఉంటే. ఊరు ఊరంతా నోరు కట్టుకుని కూర్చుంటే ఆ ఒక్క నోరు చాలు మా కట్టు తెగడానికి."

కార్డు తీసుకోకుండానే పోయినాడు.

ఎర్రకాళ్ళ కొంగలు, ఫ్లెమింగోలు, పులికాట్‌కి వచ్చేవి, అవి పుట్టినప్పుడు బూడిద రంగంట, తినే తిండి వల్ల ఎర్రబడతాయంట. ఇది ముందే చదివిన వార్త. మళ్ళా చదవమన్నాను, ఇంకో మాట మాట్లాడే ఓపిక లేక.

మే 21, బుధవారం

ప్రమాణం చేస్తానని గణేష్‌కి చెప్పమన్నాను. జయశీల తల ఊపింది.

వాణి లోపల బిడ్డకి పాలిస్తా ఉంది. తలుపు సందులో నుంచి బిడ్డ పాదం కనిపించింది. వేలంత.

మే 22, గురువారం

పొద్దున కంప కాడికి పోయి, ఆదివారం ప్రమాణం చేస్తా ఉన్నానని చెప్పినాను. చెప్పినానా తిట్టినానా అని జయశీల అడిగింది. గుర్తులేదు.

ఆదిశేషమ్మ నులకమంచం మీద కాళ్ళు చాపి కూర్చుని ఉంది. వాపు మోకాళ్ళ దాకా వచ్చింది.

"చేసిరా పో" అంది. "బిడ్డకి నీళ్ళు పోసుకో. పొద్దున్నే నీ గొంతు వినకుండా ఉంటే నాకు పండగ."

"నీకు పండగైతే నేనెందుకు చేస్తానే."

"నీ మునిమనవరాలి కోసం చేస్తావు. నా కోసం చేస్తావా ఏంది."

"నువ్వు పోయి గణేష్ కాళ్ళు పట్టుకో. ఇద్దరికీ పోతుంది పీడ."

"నా పెరట్లో వాడి తమ్ముడి కొట్టం ఉండాది. వాడు వచ్చి నా కాళ్ళు పట్టుకోమను. చూస్తివిగా, పట్టుకోను వీలుగా లావుగా కూడా ఉండాయి."

నాకు నవ్వొచ్చింది. దాని ముందు నవ్వకూడదని ముప్పై ఒక్క ఏళ్ళ పట్టుదల. మొహం తిప్పుకున్నాను. నేను పోతా ఉంటే వెనకనుంచి అంది, "నీళ్ళు పోసేటప్పుడు మెడ కింద ఎడమచెయ్యి గట్టిగా పట్టుకోమే. నీ చేతులు వణుకుతా ఉండాయి. గంజంతా బయట పోస్తా ఉండావు."

మే 23, శుక్రవారం

నేను పొద్దున కంప కాడికి పోలేదు. ఆదివారం నుంచి ఎటూ పోకూడదు గదా, రెండు రోజులు ముందుగా మానేసి చూద్దామని.

ఎనిమిదైంది. తొమ్మిదైంది. దాని పొయ్యి పొగ రాలేదు. పది. మా కోడలు పెరట్లో బట్టలు ఆరేస్తా అటు చూసింది, నన్ను చూసింది, కుక్కని పిలిచింది. "కుక్కా, ఆ ఇంట్లో పొగ రాలేదే." అంత మటుకే అంది. అంతకంటే అనడానికి దానికి లేదు.

పదిన్నరకి పోయినాను. కంప దాటినాను. ఇది రాయి. దాటినాను.

అది మేలుకునే ఉంది. మంచం మీద కూర్చుని వాకిలి వైపు చూస్తా ఉంది. ఒంట్లో ఏం లేదు, జ్వరం లేదు. లేవలేదు, అంతే. తిట్టడానికి నాకు ఒక్క ముక్క నోటికి రాలేదు. పొయ్యి వెలిగించినాను. కాఫీ పెట్టినాను. ఇద్దరం తాగినాం. దాని కాఫీపొడి మహా పాడు పొడి, ఆ మాట దానికే చెప్పినాను.

మే 24, శనివారం

జయశీల తెల్ల కాయితం తెచ్చింది. నేను చెప్పింది, ఎత్తి రాసింది ఇది. ఇందులోంచి ఏదీ కొట్టెయ్యలేదు.

పెద్దకాపు గణేష్‌కి, కులపెద్దలకి.

నేను ఆదిశేషమ్మని తిట్టినాను గానీ మాట్లాడలేదని ఇన్నాళ్ళూ చెప్పినాను. అది అబద్ధం. తెలిసి చెప్పిన అబద్ధం కాదు. నాకే తెలియలేదు. నేను ఆమెతో మాట్లాడినాను. దురాయికి ముందూ మాట్లాడినాను, తర్వాతా మాట్లాడినాను. గంజి కూడా ఇచ్చినాను, పారబొయ్యలేదు. శుక్రవారం కంప దాటి పోయి పొయ్యి వెలిగించినాను. నిప్పు ఇచ్చినట్టే లెక్క. రేపు గంగమ్మ ముందర కర్పూరం ఆర్పను. రేపు పొద్దున కూడా కంప కాడికి పోతాను.

మీ కట్టు ప్రకారం నాకు దురాయి సరైనదే. ఉండనివ్వండి. ఆమెకి తీసేసిన రోజే నాకూ తియ్యండి. ముందు తియ్యద్దు.

బిడ్డకి నీళ్ళు విజయకుమారి పోస్తుంది. నీళ్ళు మరీ వేడి పనికిరాదు, మోచెయ్యి ముంచి చూడాలి. ముందు కాళ్ళ మీద పొయ్యాలి, తల మీద ఆఖర్న. ఇది పంచాయతీకి సంబంధం లేని మాట, కానీ ఈ కాయితం మైకులో చదువుతారు కాబట్టి మా కోడలు వింటుంది.

ఇట్లు,
వాయల పోలేరమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు:

ఒకటి. జయశీల, పోస్టాఫీసు, సొంతూరు కొడవలూరు. సంతకం.

రెండు. ఆదిశేషమ్మ. వేలిముద్ర, కంప మీదుగా. దురాయిలో ఉన్న మనిషి సాక్ష్యం చెల్లదని జయశీల చెప్పింది. చెల్లకపోయినా వేస్తానంది. వేసి, కాయితం అంతా చదివించుకుని, పాడు పొడి అనే మాట ఇందులో లేదుగదా అని అడిగింది.

మూడు. ఊరి మనిషి ఒకరు ఉండాలంట. ఇక్కడ ఖాళీ, సంతకం పెట్టినోళ్ళకీ దురాయి పడుతుంది. కాయితం అరుగు మీద పెట్టి, ఎగిరిపోకుండా రాయి పెట్టి, పక్కన పెన్ను పెట్టినాము. విజయకుమారి గడపలో నిలబడి ఉంది.